నేలను కూడా తూచే లెక్క

పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళ్లి బండలాగుడు పోటీలు చూసేవాళ్లు చాలామంది బండ కదిలిన దగ్గర్నుంచే చూస్తారు. నేను అంతకు ముందు జరిగే తతంగం కోసం వెళ్తాను. ఎద్దును కదలకుండా పట్టుకొని, తల పైకెత్తి, కింది పెదవిని బొటనవేలితో లాగి పళ్లు చూస్తారు. ఇంకా పాలపళ్లేనా, రెండు పళ్లు వేసిందా, నాలుగా, ఆరా? అది తేలాకే ఏ విభాగంలో దిగాలో చెబుతారు. విభాగాన్ని బట్టి బండ బరువు ఉంటుంది. పాలపళ్ల కోడెలకు కట్టే బండ వేరు, నిండు వయసు ఎద్దులకు కట్టే బండ వేరు.

ఒక ఏడాది ఆ గుంపులో నా పక్కన నా పాత విద్యార్థి ఒకతను నిలబడ్డాడు. ఊరు ఆదోని. ఇంటర్మీడియట్‌లో నా దగ్గర లెక్కలు చదువుకున్నాడు. ఇప్పుడు షికాగోలో ఉద్యోగం. జాతరకని వచ్చాడు.

"సార్, మేమాడే గోల్ఫులో హ్యాండిక్యాప్ అంటే అచ్చం ఇదే. మాకు పళ్లు చూడరు, పాత స్కోర్లు చూస్తారు" అన్నాడు. కాసేపాగి తన సందేహం చెప్పాడు. "షికాగోలో ఇప్పుడంతా మంచు. ఈ నెలల్లో అక్కడ ఆడినా లెక్కలోకి తీసుకోరు. నేనేమో మొన్న హైదరాబాదులో ఆడి వచ్చినాను. అది నా హ్యాండిక్యాప్‌కు ఎక్కుతుందా ఎక్కదా, తెలియడం లేదు సార్."

మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో గోల్ఫు మైదానం లేదు. వానను నమ్ముకొని పత్తి, శనగ, జొన్న వేసే నేల మాది. ఆ ఆటమీద నాకు ఆసక్తి ఉండేది కాదు. అతను నా చేతిసంచి మీద కాగితం పరిచి సూత్రం రాశాక మాత్రం నా చూపు ఎద్దుల మీద నిలవలేదు. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసిన సరళరేఖ సమీకరణం ఆ కాగితం మీద కనిపించింది.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో. గోల్ఫు కోర్సులో పద్దెనిమిది హోల్స్ ఉంటాయి, అంటే బంతిని కొట్టుకుంటూ వెళ్లి చివర గుంటలో వేయాల్సిన పద్దెనిమిది బాటలు. ఒక్కో హోల్‌ను మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో దాన్ని పార్ అంటారు. మూడు, నాలుగు, అయిదు ఇలా ఉంటుంది. మొత్తం కలిపితే సాధారణంగా 70, 71 లేదా 72. ఎన్ని తక్కువ దెబ్బల్లో పూర్తి చేస్తే అంత గొప్ప. 72లో ముగించేవాడు, 92లో ముగించేవాడు కలిసి ఆడితే గెలుపు ముందే తెలిసిపోతుంది. అందుకని రెండోవాడికి ఇరవై దెబ్బలు మినహాయిస్తారు. ఆ మినహాయింపుకు ఆధారమైన అంకె పేరే హ్యాండిక్యాప్. ఈ మాట వినగానే మనకు వైకల్యం గుర్తొస్తుంది. మాట పుట్టిన చోట ఆ అర్థం లేదు.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఇద్దరు తమ వస్తువులు మార్చుకోదలిస్తే మూడో మనిషిని మధ్యవర్తిగా పెట్టుకునేవారు. ఏ వస్తువు విలువ ఎంత తక్కువ, తక్కువైనవాడు పైన ఎంత కలిపి ఇవ్వాలి అన్నది అతను చెప్పేవాడు. ఇద్దరూ టోపీలో చెయ్యి పెట్టి తీసేవారు. చేతిలో డబ్బు ఉందా లేదా అన్నదాన్ని బట్టి బేరం ఒప్పుకున్నారో లేదో తెలిసేది. 'టోపీలో చెయ్యి' అన్న ఆ ఇంగ్లీషు మాటే నలిగి నలిగి హ్యాండిక్యాప్ అయింది. తర్వాత గుర్రప్పందాల్లోకి వెళ్లి, బలమైన గుర్రానికి ఎక్కువ బరువు కట్టే పద్ధతికి పేరైంది. పశువుల సంతలో దళారి తువ్వాలు కింద చెయ్యి దూర్చి వేళ్లతో బేరం తెగ్గొట్టడం చూసి పెరిగినవాళ్లకు ఈ టోపీ కథ వింతగా అనిపించదు. రెండు సమానం కాని వాటి మధ్య ఎంత తేడా ఉందో చెప్పే నమ్మకమైన మూడో మనిషి కావాలి. అక్కడా ఇక్కడా అవసరం అదే.

గోల్ఫులో చిక్కు ఎక్కడొచ్చిందంటే, మధ్యవర్తులు ఎక్కువైపోయారు. 2019 దాకా ప్రపంచంలో ఆరు పెద్ద హ్యాండిక్యాప్ పద్ధతులు ఉండేవి. అమెరికాది ఒకటి, బ్రిటన్ ఐర్లండ్‌లది ఒకటి, యూరప్ ఖండానిది ఒకటి, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనాలవి తలా ఒకటి. అమెరికా వాళ్లు చివరి ఇరవై ఆటల్లో మెరుగైన పది తీసుకొని, సగటు కట్టి, అందులో 96 శాతం లెక్కవేసేవారు. ఆస్ట్రేలియా వాళ్లు ఇరవైలో ఎనిమిదే తీసుకొని 93 శాతం అనేవారు. బ్రిటన్‌లో సగటే లేదు. పోటీలో బాగా ఆడితే అంకె కొంత తగ్గేది, సరిగా ఆడకపోతే 0.1 పెరిగేది, అంతే. స్నేహితులతో సరదాగా ఆడిన ఆటను అమెరికాలో లెక్కలోకి తీసుకునేవారు, బ్రిటన్‌లో ఎక్కువగా పోటీ ఆటలకే విలువ ఉండేది.

దాంతో ఒకే మనిషికి డాలస్‌లో ఒక అంకె, లండన్‌లో ఒక అంకె, మెల్‌బోర్న్‌లో ఇంకో అంకె. నా విద్యార్థికీ అప్పట్లో అనుభవమైంది. ఉద్యోగం మారి వేరే దేశం వెళ్లినప్పుడు అక్కడి క్లబ్బులో తన కార్డు చూపిస్తే, ఈ అంకె మాకు చెల్లదన్నారట. అయిదేళ్లు దాచుకున్న స్కోర్లు పక్కన పెట్టి, కొత్తగా నేర్చుకునేవాడిలా మొదటినుంచి మొదలుపెట్టమన్నారు. "డిగ్రీ చేసినవాణ్ని మళ్లీ పదో తరగతి పరీక్ష రాయమన్నట్టు ఉండింది సార్" అన్నాడు. అతని మాటలో ఇంకా ఆ బాధ ఉంది.

ఊరు మారినా మారని అంకె ఎలా ఉండాలో ఎమ్మిగనూరుకు ఒకరు చెప్పనక్కరలేదు. 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరిది. నూలు కౌంటు అంటే ఏమిటో ఇక్కడ మగ్గం ముందు కూర్చున్న ప్రతివారికీ తెలుసు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే కౌంటు. నలభై కౌంటు అంటే నలభై చిలపలు. ఆ నూలు ఎక్కడ వడికినా నలభై నలభయ్యే. ఎందుకంటే అంకెకు వెనక పొడవు, బరువు రెండూ ఉన్నాయి. గోల్ఫు అంకెకు అలాంటి ఆధారం ఏది? ఒకడు 92 దెబ్బల్లో ఆడాడంటే ఏ నేల మీద ఆడాడు? చదునుగా, పొట్టిగా ఉన్న కోర్సులో 92కూ, చెరువులూ ఇసుక గుంటలూ చెట్లూ ఉన్న పొడుగు కోర్సులో 92కూ ఒకే విలువ కట్టలేం కదా.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి రాశి దగ్గర నిలబడితే దీనికి సగం జవాబు దొరుకుతుంది. రైతు తెచ్చిన పత్తిలో మీటరు గుచ్చి తేమ చూస్తారు. పత్తి సంస్థ కొనేటప్పుడు 8 శాతం తేమను ప్రమాణంగా పెట్టుకుంటుంది. అంతకంటే పెరిగే కొద్దీ ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. ఇద్దరి పత్తీ ఒకే క్వింటా తూగినా, తేమ తీసేస్తేగాని అసలు పత్తి ఎవరిది ఎంతో తెలియదు. కాటా చూపే బరువును ఒక ఉమ్మడి ప్రమాణానికి తేవడమే ఇక్కడ జరిగే పని.

గోల్ఫులో ఆ పని చేసేది కోర్సు రేటింగ్. హ్యాండిక్యాప్ సున్నా ఉన్న ఆటగాణ్ని స్క్రాచ్ ఆటగాడంటారు. మామూలు వాతావరణంలో అతను ఆ కోర్సులో ఎన్ని దెబ్బల్లో ముగించగలడో దశాంశంతో సహా చెప్పే అంకె కోర్సు రేటింగ్. 71.2 అనో 68.5 అనో ఉంటుంది. దీన్ని ఎవరో కుర్చీలో కూర్చొని ఊహించి వేయరు. శిక్షణ పొందిన బృందం కోర్సంతా నడిచి కొలుస్తుంది. వాళ్ల లెక్కలో స్క్రాచ్ మగ ఆటగాడు మొదటి దెబ్బకు బంతిని 250 గజాలు పంపగలడు, 470 గజాల హోల్‌ను రెండు దెబ్బల్లో చేరగలడు. స్క్రాచ్ మహిళకు ఆ కొలతలు 210, 400 గజాలు. బంతి పడిన చోటు ఎగుడా దిగుడా, గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ఎంత పెద్దది, ఇసుక గుంటలు ఎన్ని, పక్కన నీళ్లున్నాయా, గడ్డి ఎంత దట్టం, చెట్లు ఎంత అడ్డం అన్నీ రాసుకుంటారు. మనసును బెదరగొట్టే హోల్స్‌కూ కొంత కలుపుతారు. పదేళ్లకొకసారైనా తిరిగి కొలవాలి.

ఎత్తు కూడా చూస్తారు. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన గాలి పల్చబడి బంతి ఎక్కువ దూరం పోతుంది. అక్కడ కోర్సు పొడవును ఆ మేరకు తగ్గించి లెక్కవేస్తారు. మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న బెంగళూరు ఆ లెక్కలోకి వస్తుంది. 1876లో పుట్టిన బెంగళూరు గోల్ఫ్ క్లబ్బు ఉన్నది అక్కడే. హైదరాబాదు ఆ గీతకు కొంచెం కింద ఆగుతుంది. మన ఆదోని ఇంకా కింద.

కోర్సు రేటింగ్‌తో సగం పని అయిందన్నాను. మిగిలిన సగం చాలాకాలం ఎవరికీ పట్టుబడలేదు. నన్ను ఎద్దుల పోటీ మరిచిపోయేట్టు చేసింది ఆ మిగిలిన సగమే.

బండలాగే బాట గట్టిగా ఉన్నప్పుడు బలమైన జత ఎక్కువ దూరం లాగుతుంది, బలహీనమైన జత తక్కువ లాగుతుంది. ఆ బాటలో వదులు మన్ను పోశారనుకోండి. బలమైన జతకు కాస్త దూరం తగ్గుతుంది. బలహీనమైన జత ఉన్నచోటే కాళ్లు కూరుకుపోయి నిలబడిపోతుంది. నేల కష్టం ఇద్దరికీ ఒకేలా తగలదు. గోల్ఫులోనూ అంతే. గ్రీన్ ముందు చెరువు ఉంటే స్క్రాచ్ ఆటగాడు దాని మీదుగా బంతి దాటించేస్తాడు, అతనికి ఆ చెరువు ఉన్నా లేనట్టే. బలహీనుడికి రెండు బంతులు నీళ్లపాలు. కోర్సు రేటింగ్ స్క్రాచ్ ఆటగాడి కష్టాన్ని మాత్రమే చెబుతుంది. బలహీనుడి మీద పడే అదనపు భారాన్ని దాచేస్తుంది.

దీన్ని అంకెల్లోకి తెచ్చినవాడు డీన్ కనూత్ అనే అమెరికా నౌకాదళ అధికారి. కాలిఫోర్నియాలో నౌకాదళ ఉన్నత విద్యాసంస్థలో చదువుతున్నప్పుడే ఈ సమస్య పట్టుకున్నాడు. తర్వాత అమెరికా గోల్ఫు సంఘంలో చేరి 1980లలో దేశమంతా అమలయ్యేలా చేశాడు. అతని ఆలోచన ఇది. ఒక గీతల కాగితం తీసుకోండి. అడ్డంగా ఆటగాళ్ల హ్యాండిక్యాప్, నిలువుగా వాళ్లు ఆ కోర్సులో చేసే స్కోరు గుర్తించండి. చుక్కలు ఇంచుమించు ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ నిలువు గీతను ఎక్కడ తాకుతుందో అదే కోర్సు రేటింగ్. రేఖ ఎంత నిటారుగా లేస్తుందో దాన్ని స్లోప్ అన్నాడు. ఇంటర్ పిల్లలకు మేం చెప్పే వాలు అదే. వై ఈక్వల్ టు ఎమ్ఎక్స్ ప్లస్ సిలో సి కోర్సు రేటింగ్, ఎమ్ స్లోప్. ఇన్నేళ్లలో ఎన్ని వందలమంది "సార్, ఇది ఎందుకు పనికొస్తుంది" అని అడిగారో. ఈ ఉదాహరణ అప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

రేఖ గీయడానికి రెండు బిందువులు చాలు. ఒకటి స్క్రాచ్ ఆటగాడు. రెండోది బోగీ ఆటగాడు, అంటే హ్యాండిక్యాప్ సుమారు 20 ఉన్న మగవాడు, లేదా సుమారు 24 ఉన్న మహిళ. బోగీ మగ ఆటగాడి మొదటి దెబ్బ 200 గజాలు, మహిళ దెబ్బ 150 గజాలు అనుకొని కోర్సును మళ్లీ కొలుస్తారు. ఇద్దరి అంచనా స్కోర్ల తేడాను మగవాళ్లకైతే 5.381తో, ఆడవాళ్లకైతే 4.24తో గుణిస్తే స్లోప్ వస్తుంది. కోర్సు రేటింగ్ 71.2, బోగీ రేటింగ్ 95 అయితే తేడా 23.8. దాన్ని 5.381తో గుణిస్తే 128. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉండొచ్చు. ప్రమాణంగా పెట్టుకున్న కోర్సుకు 113. సూత్రంలో పదేపదే కనిపించే 113 అదే. పత్తికి 8 శాతం తేమ ఎలాగో దీనికి 113 అలాగ.

ఇప్పుడు లెక్క చేద్దాం. మూడు దేశాల్లో మూడు కోర్సులు ఊహించుకుందాం. మొదటిది సులువు: రేటింగ్ 68.5, స్లోప్ 105, పార్ 70. రెండోది మధ్యరకం: 71.2, 128, పార్ 72. మూడోది కఠినం: 74.1, 142, పార్ 72. ఒకే మనిషి మూడింటిలోనూ 92 ఆడాడు. స్కోరులోంచి కోర్సు రేటింగ్ తీసేసి, 113తో గుణించి, స్లోప్‌తో భాగించాలి. మొదటి కోర్సులో 25.3 వస్తుంది. రెండోదాంట్లో 18.4. మూడోదాంట్లో 14.2. కార్డు మీద మూడూ 92లే. అసలు విలువ చూస్తే ఒకటి మామూలు ఆట, ఇంకొకటి ఆ మనిషి జన్మలో మరిచిపోలేని ఆట. దీన్ని స్కోరు డిఫరెన్షియల్ అంటారు. తేమ తీసేసిన పత్తి బరువు లాంటిదని నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను.

2020 జనవరిలో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ వ్యవస్థ ఈ పునాది మీదే నిలబడింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న గోల్ఫు సంస్థ ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫు సంఘం కలిసి దాన్ని నడుపుతున్నాయి. పాత ఆరు పద్ధతులనూ ఇది ఒకటిగా చేసింది. చివరి ఇరవై డిఫరెన్షియల్స్‌లో మెరుగైన ఎనిమిదింటి సగటే హ్యాండిక్యాప్ ఇండెక్స్. పైన 96, 93 శాతాలేమీ లేవు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా గరిష్ఠం 54. పాత అమెరికా పద్ధతిలో మగవాళ్లకు 36.4 దగ్గరే ఆపేసేవారు, నేర్చుకునేవాళ్లు బయటే ఉండిపోయేవారు. ఆ గోడ తీసేయడం నాకు బాగా నచ్చింది.

ఎనిమిదే ఎందుకు, ఇరవయ్యీ ఎందుకు తీసుకోరు? ఇండెక్స్ ఆ మనిషి సగటు ఆటను చెప్పదు, అతనికి చేతనైన ఆటను చెబుతుంది. ఇరవైలో చెత్తగా ఆడిన పన్నెండూ పక్కకు పోతాయి. అందుకే తన ఇండెక్స్ స్థాయిలో ఆడటం ఎవరికైనా నాలుగైదు ఆటల్లో ఒకసారే కుదురుతుంది. ఇది తెలియక నా విద్యార్థి మొదట్లో చాలా బాధపడ్డాడట, ఆడిన ప్రతిసారీ అంకె దాటిపోతున్నానని. పైగా ఒక్క హోల్‌లో పన్నెండు దెబ్బలు పోయినా అన్నీ లెక్కించరు. పార్‌కు రెండు కలిపి, ఆ హోల్‌లో తనకు రావలసిన మినహాయింపు కలిపి అక్కడ ఆపేస్తారు. పార్ నాలుగు, మినహాయింపు ఒకటి అయితే ఏడు దగ్గర ఆగుతుంది.

ఇండెక్స్ చేతికొచ్చాక కొత్త దేశంలో కొత్త కోర్సుకు వెళ్తే లెక్క వెనక్కి తిప్పాలి. ఇండెక్స్‌ను ఆ కోర్సు స్లోప్‌తో గుణించి, 113తో భాగించి, కోర్సు రేటింగ్‌కూ పార్‌కూ ఉన్న తేడా కలపాలి. నా విద్యార్థి ఇండెక్స్ 18.4. ఇందాకటి సులువైన కోర్సులో అతనికి 16 దెబ్బల మినహాయింపు, మధ్యరకంలో 20, కఠినమైనదాంట్లో 25. మనిషి మారలేదు, ఇండెక్స్ మారలేదు. నేలను బట్టి బండ బరువు సర్దారు, అంతే. ఈ లెక్క ఆటగాడు చేసుకోనక్కరలేదు. మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర పట్టిక ఉంటుంది, ఫోనులోనూ చూసుకోవచ్చు. ఒకే టీ నుంచి ఆడినా మగవాళ్లకు, ఆడవాళ్లకు రేటింగులు వేరువేరుగా ఉంటాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. ఊరూరికీ మారని హ్యాండిక్యాప్ కావాలని ముందు పట్టుబట్టింది వాళ్లే. 1893లో బ్రిటన్‌లో మహిళల గోల్ఫు సంఘం పుట్టింది. ఇసెట్ పియర్సన్ అనే ఆమె దాని కార్యదర్శి. మగవాళ్ల క్లబ్బులు ఎవరి లెక్క వాళ్లదే అని కూర్చున్న రోజుల్లో, తమ క్లబ్బులన్నింటికీ ఒకే కొలతను ఆమె కొన్నేళ్లలోనే అమలు చేయించింది. 2020లో ప్రపంచం చేసిన పనికి నూరేళ్లకు పైగా ముందే పడిన బాట అది. ఈ చరిత్ర చెప్పేటప్పుడు కనూత్ పేరు అందరూ తలుస్తారు, ఆమె పేరు చాలామంది వదిలేస్తారు. అది సరికాదు.

ఇక ఇండెక్స్ ఎవరిస్తారు? ఎవరంతట వాళ్లు రాసుకుంటే అధికారికం కాదు. ఆ దేశపు గోల్ఫు సంఘం గుర్తించిన క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. మనదేశంలో ఆ అధికారం 1955లో ఏర్పడ్డ ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌ది. ఇంగ్లండులో క్లబ్బు సభ్యత్వం లేనివాళ్లకు 2021 నుంచి అక్కడి సంఘమే నేరుగా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. కొత్తవాళ్లు 54 హోల్స్ స్కోర్లు ఇస్తే చాలు. మూడు పూర్తి ఆటలు కావొచ్చు, తొమ్మిదేసి హోల్స్ ఆటలు ఆరు కావొచ్చు. మూడే ఉన్నప్పుడు అన్నిటికంటే మెరుగైన డిఫరెన్షియల్‌లోంచి రెండు తీసి ఇండెక్స్ ఇస్తారు. ఒంటరిగా ఆడిన స్కోరు చెల్లదు, పక్కన ఒక్కరైనా ఉండాలి. రేటింగ్ లేని కోర్సులో ఎంత బాగా ఆడినా ఎక్కదు.

రెండు మూడు దేశాల్లో సభ్యత్వాలున్నవాళ్లు అసలు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. మనిషికి ఒకటే ఇండెక్స్. షికాగోలో ఒకటి, దుబాయిలో ఒకటి, హైదరాబాదులో ఒకటి అంటూ ఉంచుకోకూడదు. ఒక క్లబ్బును సొంత క్లబ్బుగా ఎంచుకోవాలి. ఇండెక్స్ నిర్వహణ దానిది. ఎక్కడ ఆడినా స్కోరు అక్కడికే చేరాలి. ఊరు శాశ్వతంగా మారితే పాత క్లబ్బు నుంచి స్కోర్ల చిట్టా తెచ్చి కొత్త క్లబ్బుకు ఇవ్వాలి. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే అవస్థ ఇప్పుడు లేదు. ఆ రోజు ఆ క్లబ్బులో నా విద్యార్థికి జరిగింది ఇక జరగనక్కరలేదు.

మోసం మాటేమిటని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. కావాలని చెడ్డగా ఆడి అంకె పెంచుకొని, పోటీలో కప్పు కొట్టుకుపోయేవాళ్లు ఉంటారు కదా. పళ్లు దాచలేని ఎద్దులాగా మనిషి నిజాయితీగా ఉండడు. అందుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. ఏడాదిలో తన మెరుగైన ఇండెక్స్ కంటే మూడు పెరిగితే ఆపైన సగమే లెక్కిస్తారు, అయిదు దాటి పెరగనివ్వరు. ఒక్కసారిగా తన అంకె కంటే ఏడెనిమిది దెబ్బలు మెరుగ్గా ఆడితే ఇండెక్స్‌ను వెంటనే అదనంగా తగ్గిస్తారు. ఆ రోజు గాలివాన వల్ల అందరి స్కోర్లూ చెడితే, దాన్ని కూడా కంప్యూటరు గుర్తించి ఒకటి నుంచి మూడు దాకా సర్దుతుంది. ఇవన్నీ ఉన్నా, చివరికి కార్డు మీద రాసేది ఆటగాడే, పక్కవాడు చూశానని ఒప్పుకునేదే. దీనికి సూత్రం లేదు.

పెద్ద పోటీల్లో ఆడే వృత్తి ఆటగాళ్లకు ఈ మినహాయింపుల గొడవ లేదు. అందరూ సున్నాతోనే మొదలు. కాలిఫోర్నియాలో పుట్టిన హైదరాబాదు మూలాల తెలుగువాడు సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. విశాఖలో పుట్టి కెనడాలో పెరిగిన సుదర్శన్ యల్లమరాజు వీడియోలు చూసి ఆట నేర్చుకున్నవాడు, 2025 జనవరిలో బహామాస్‌లో పెద్ద విజయం సాధించాడు. వాళ్ల సంగతి వేరు. ఈ ఇండెక్స్ కోట్లమంది మామూలువాళ్ల కోసం. ఆదివారం నలుగురు కూడి ఆడుకునే నా విద్యార్థి లాంటివాళ్ల కోసం.

అతని సందేహానికి జవాబు నిబంధనల్లో సూటిగానే ఉంది. మంచు దేశాల్లో చలికాలాన్ని నిష్క్రియ కాలంగా ప్రకటిస్తారు, ఆ నెలల్లో అక్కడ ఆడిన స్కోర్లు ఎక్కవు. లెక్కలోకి వచ్చేది ఆడిన చోటు కాలం, ఆటగాడి సొంత ఊరి కాలం కాదు. షికాగో మంచులో ఉన్నా హైదరాబాదులో పుష్యమాసం ఆటకు మంచి కాలం. కాబట్టి ఆ స్కోరు ఇవ్వొచ్చు. నిజానికి ఇచ్చి తీరాలి. బాగా ఆడిన ఆటను దాచుకోవడమూ తప్పే.

గోల్కొండ నయాఖిల్లా గోడల పక్కన, రాళ్ల మధ్య ఆడానని చెప్పాడు. ఆ రాళ్లు చూస్తే ఆదోని కొండలే గుర్తొచ్చాయట. ఆ రాత్రి జాతర నుంచి వెళ్లాక ఫోనులో స్కోరు ఎక్కించాడు. కొత్త ఇండెక్స్ మర్నాడు వస్తుంది.

మర్నాడు ఉదయం ఆదోని స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు. వెనక రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు.

"సార్, 18.4 పోయి 18.1 అయింది. ఎట్లా వచ్చిందో చెప్పండి."

"కొత్త డిఫరెన్షియల్ ఎంతప్పా?"

"17.5 సార్. మెరుగైన ఎనిమిదిలో నుంచి 19.9 బయటికి పోయింది."

తేడా 2.4. ఎనిమిదితో భాగించాను. 0.3. సరిపోయిందని చెప్పేలోగా రైలు శబ్దంలో మాట వినపడలేదు.